లివర్ డయాలసిస్ చేయిస్తే మా అన్న ఇంటికి వస్తాడా? పొలం తాకట్టు పెట్టేముందు అడుగుతున్నాను

జమ్మలమడుగు తమ్ముడు

అందరికీ నమస్కారం. మాది కడప జిల్లాలో జమ్మలమడుగు దగ్గర ఒక పల్లె. మా అన్నకు 41 ఏళ్లు. తాగుడు అలవాటు ఉంది. రెండేళ్ల కిందట కడపలో స్కానింగ్ తీసినప్పుడే లివర్ గట్టిపడిందని, దాన్ని సిర్రోసిస్ అంటారని చెప్పారు. కొంతకాలం మానేశాడు. సంక్రాంతి తరువాత మళ్లీ మొదలుపెట్టాడు. కొన్ని వారాలుగా కళ్లు పచ్చబడ్డాయి. ఇంట్లోవాళ్లు ముందు పసరు పోయించారు. ఆ తరువాత పొట్ట ఉబ్బింది, మాట తడబడింది, పగలంతా నిద్ర, రాత్రంతా మెలకువ. కర్నూలు తీసుకెళ్తే అక్కడి నుంచి హైదరాబాదు పంపారు. ఇప్పుడు ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో ఉన్నాడు.

నిన్నటి రిపోర్టులో బిలిరుబిన్ (కామెర్ల పరీక్ష) 24, ఐ.ఎన్.ఆర్. (రక్తం గడ్డకట్టే పరీక్ష) 2.6, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) 1.9. పిలిస్తే కళ్లు తెరుస్తున్నాడు. ఏ నెల అని అడిగితే చెప్పలేకపోతున్నాడు. "లివర్ డయాలసిస్ చేద్దాం, మార్స్ అంటారు, మూడు విడతలు పట్టవచ్చు" అన్నారు డాక్టర్. ఒక్కో విడతకు లక్షల్లో అవుతుందట. రేపు ఉదయానికి మా మాట చెప్పాలి.

మాకున్నది శనగ వేసుకునే నాలుగెకరాల నల్లరేగడి. నాన్న అప్పుడే ప్రొద్దుటూరులో ఒకరితో తాకట్టు మాట్లాడేశారు. అమ్మ ఏమీ మాట్లాడడం లేదు. వదిన మాత్రం ఒకటే అడుగుతోంది, ఇది చేయిస్తే మనిషి ఇంటికి వస్తాడా అని. మా ఊళ్లో ఒకాయన కిడ్నీ డయాలసిస్ చేయించుకుంటూ ఏళ్ల తరబడి తిరుగుతున్నాడు, పొలానికి కూడా వెళ్తాడు. ఇది కూడా అలాంటిదేనా? మన జిల్లాల్లో ఎవరికైనా చేయించి ఉంటే ఏమైందో దయచేసి ఉన్నదున్నట్టు చెప్పండి.

నంద్యాల రైతు

తమ్ముడూ, మా బావకు బెంగళూరులో చేయించాం. ఆయనదీ తాగుడు వల్ల వచ్చిన జబ్బే. రెండు విడతలయ్యాక మమ్మల్ని గుర్తుపట్టాడు, కూతురు పేరు పెట్టి పిలిచాడు. గండం గడిచిందనుకున్నాం. ఆ తరువాత ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్ వచ్చింది, మనిషి దక్కలేదు. చేయించవద్దని నేను అనను. చేసిన తరువాత ఏమిటన్నది మాకు ముందుగా ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. మీరు అడగండి. నూటికి మూడు రూపాయల వడ్డీకి ఈ రాత్రికి రాత్రే సంతకాలు చేయకండి. ముందు ఆసుపత్రిలో ఉన్న ఆరోగ్యమిత్ర దగ్గరకు వెళ్లి కార్డు చూపించి, ఏది పథకంలో వస్తుందో ఏది రాదో రాయించుకోండి.

కర్నూలు సిస్టర్

తమ్ముడూ, నేను కర్నూలులో ఉంటాను. స్టాఫ్ నర్సుగా చేరాను, సర్వీసులో ఎక్కువ భాగం డయాలసిస్ యూనిట్‌లో గడిచింది. తరువాత హైదరాబాదులో ఒక లివర్ ఐసీయూలో పనిచేసి రిటైరయ్యాను. మార్స్ యంత్రం పక్కన కూర్చుని రాత్రంతా అలారాలు చూసుకున్నదాన్ని కాబట్టి నాకు తెలిసినంత రాస్తాను. వైద్యం నిర్ణయించేది మీ డాక్టర్లు. వారిని ఏమి అడగాలో మాత్రం నేను చెప్పగలను.

మొదట మీ ఊరి పెద్దాయన సంగతి. కిడ్నీ చేసే ముఖ్యమైన పని వడగట్టడం. యూరియా, పొటాషియం వంటివి నీటిలో కరిగి ఉంటాయి కాబట్టి యంత్రం వాటిని మిగులు నీటితో సహా లాగేయగలదు. అందుకే వారానికి రెండు మూడుసార్లు యంత్రం మీద పడుకుని మనిషి ఏళ్లు గడపగలడు. కాలేయం అలా కాదు. అది వడగట్టడంతో ఆగదు, తయారుచేస్తుంది. దెబ్బ తగిలితే రక్తం గడ్డకట్టించే పదార్థాలు, రక్తంలో నీటిని నిలిపి ఉంచే అల్బుమిన్, పస్తున్నప్పుడు ఒంటికి అందే చక్కెర, అన్నీ దాని చేతి పనే. పేగుల నుంచి వచ్చే రక్తంలోని క్రిములను పట్టి ఆపేదీ అదే. ఈ తయారీ పనుల్లో ఒక్కటి కూడా మార్స్ యంత్రం చేయదు. దాని మీద ఏళ్ల తరబడి బతికేవాళ్లు ఎవరూ ఉండరు. ఈ సంగతి మీ నాన్నగారికి ముందే చెప్పండి, "డయాలసిస్" అనే మాట విని ఆయన వేరే ఆశ పెట్టుకుని ఉంటారు.

మరి అది ఏమి చేస్తుంది? బిలిరుబిన్, పైత్యరస ఆమ్లాలు వంటి విషాలు నీటిలో కరిగి తిరగవు, అల్బుమిన్‌ను అంటిపెట్టుకుని తిరుగుతాయి. మామూలు డయాలసిస్ ఫిల్టరుకు అవి చిక్కవు. జర్మనీలోని రోస్టాక్ విశ్వవిద్యాలయం వాళ్లు 1990లలో దీనికి ఒక ఉపాయం కనిపెట్టారు. పలుచని పొరకు ఒక పక్క రోగి రక్తం పారుతుంది, రెండో పక్క సీసాల్లో దొరికే మనిషి అల్బుమిన్ ద్రావణం పారుతుంది. విషాలు ఇటు అల్బుమిన్‌ను వదిలి అటు అల్బుమిన్‌ను పట్టుకుంటాయి. ఆ ద్రావణాన్ని బొగ్గు పొడి ఉన్న గొట్టం గుండా, రెజిన్ గొట్టం గుండా, ఇంకో డయాలసిస్ ఫిల్టరు గుండా పంపి శుభ్రం చేసి మళ్లీ వాడుతారు. మెడలోగానీ గజ్జల్లోగానీ లావుపాటి గొట్టం వేస్తారు. ఒక విడత ఆరు నుంచి ఎనిమిది గంటలు పడుతుంది. ఖర్చులో పెద్ద భాగం ఆ ఫిల్టర్ల సెట్టుకు, అల్బుమిన్ సీసాలకు పోతుంది. ఒకసారి వాడిన సెట్టును మళ్లీ వాడకూడదు.

ఇప్పుడు వదినమ్మ అడిగిన ప్రశ్న. మీ అన్నలా ముందే గట్టిపడిన కాలేయం మీద కొత్త దెబ్బ పడిన రోగుల మీద ఐరోపాలో రిలీఫ్ అనే పెద్ద పరీక్ష జరిగింది, ఫలితాలు 2013లో వచ్చాయి. 189 మందిని చీటీ వేసినట్టు రెండు గుంపులుగా పంచారు. ఒక గుంపుకు మామూలు వైద్యంతోపాటు మార్స్ కూడా చేశారు, రెండో గుంపుకు మామూలు వైద్యం ఒక్కటే. 28 రోజులకు మార్స్ గుంపులో 60.7 శాతం, రెండో గుంపులో 58.9 శాతం బతికి ఉన్నారు. అంటే ప్రాణం దక్కే విషయంలో తేడా లేనట్టే. బిలిరుబిన్, క్రియాటినిన్ మాత్రం మార్స్ గుంపులో బాగా తగ్గాయి, మగత తగ్గడం కూడా కొంత ఎక్కువగా కనిపించింది. ప్రొమీథియస్ అని ఇంకో రకం యంత్రం ఉంది. దాని మీద 145 మందితో చేసిన పరీక్ష 2012లో వచ్చింది. అక్కడా 28 రోజులకు యంత్రం గుంపులో 66 శాతం, మామూలు వైద్యం గుంపులో 63 శాతం బతికి ఉన్నారు. అదీ అంతే.

ఇది చదివి మీ డాక్టర్ మోసం చేస్తున్నారని అనుకోవద్దు. ఈ యంత్రం మనకు సంపాదించి పెట్టేది కొంత వ్యవధి. ఆ వ్యవధి దేనికోసం అన్నదే అడగాల్సిన ప్రశ్న. కాలేయం మార్పిడికి దాత సిద్ధంగా ఉండి, ఆపరేషన్‌కు వారం రోజులు మనిషిని నిలబెట్టాలంటే ఆ వ్యవధికి విలువ ఉంది. కాలేయం తనంతట తాను కోలుకునే అవకాశం ఉన్న జబ్బయినా విలువ ఉంది. ఈ రెండూ లేవని డాక్టరే చెబితే, పొలం పెట్టి కొనే ఆ మూడు విడతల తరువాత మళ్లీ ఇదే స్థితిలో నిలబడతారు, అప్పుడు చేతిలో పొలం ఉండదు. ఇది కఠినమైన మాట. అయినా ఇలా చెప్పకపోవడం వల్ల ఖాళీ చేతులతో ఊరికి తిరిగి వెళ్లిన కుటుంబాలను నేను చాలా చూశాను. అందుకే రాస్తున్నాను.

రేపు ఉదయం డాక్టర్‌ను కలిసినప్పుడు "మూడు విడతలయ్యాక మీ ఆలోచన ఏమిటి సార్, మార్పిడా, కోలుకుంటాడనా?" అని సూటిగా అడగండి. మంచి డాక్టర్లు ఈ ప్రశ్నకు కోపం తెచ్చుకోరు. జబ్బు ఎంత ముదిరిందో చెప్పే మెల్డ్ అనే లెక్క కూడా అడగండి. బిలిరుబిన్, ఐ.ఎన్.ఆర్., క్రియాటినిన్ కలిపి వేస్తారు. మీరు రాసిన అంకెలకు అది 35 దగ్గర వస్తుంది. 40 దాకా పోయే లెక్కలో అది చాలా ఎక్కువ. యంత్రం పెట్టకముందు వచ్చిన అంకెల కాగితాన్ని జాగ్రత్తగా దాచండి. ఒకసారి యంత్రం పెట్టాక ఆ అంకెలు మారిపోతాయి, తరువాత మార్పిడి కోసం వేరే ఆసుపత్రి వాళ్లు చూసినప్పుడు జబ్బు ఉన్నదానికంటే తేలికగా కనిపిస్తుంది.

యంత్రం కంటే ముందు జరగాల్సినవి కొన్ని ఉన్నాయి. వాటి ఖర్చు చాలా తక్కువ, ఫలం ఎక్కువ. పొట్టలోని నీటిని సూదితో తీసి పరీక్షకు పంపారా? ఆ నీటిలో చీము కణాలు 250 దాటితే అది ఇన్ఫెక్షన్, వెంటనే యాంటీబయాటిక్ పడాలి. ఇలాంటి రోగుల్లో పరిస్థితి ఒక్కసారిగా దిగజారడానికి తరచుగా కారణం ఇదే. హెపటైటిస్ బి పరీక్ష చేశారా? అది ఉంటే దానికి మాత్రలు ఉన్నాయి. లాక్టులోజ్ ఇచ్చి రోజుకు రెండు మూడు మెత్తటి విరేచనాలు అయ్యేట్టు చూస్తున్నారా? మగత తెప్పించే అమ్మోనియా బయటకు పోయే దారి అది. రక్తంలో చక్కెర గంటగంటకూ చూస్తున్నారా? తాగుడు వల్ల వచ్చిన కాలేయ వాపుకు స్టెరాయిడ్ ఇవ్వాలా వద్దా అన్నది ఇన్ఫెక్షన్ లేదని తేలాకే నిర్ణయిస్తారు, దాని గురించీ అడగండి. పసరు పోయించిన సంగతి డాక్టర్‌కు చెప్పారా? చెప్పకపోతే ఈ రాత్రే చెప్పండి. ఏ ఆకు, ఎన్నిసార్లు, అందులో ఏమి కలిపారో కనుక్కుని చెప్పండి. తిడతారని దాచవద్దు. కొన్ని ఆకులు, భస్మాలు కాలేయాన్ని ఇంకా దెబ్బతీస్తాయి, అది తెలిస్తే వైద్యం దారి మారవచ్చు.

అనంతపురం అమ్మ

సిస్టర్ గారూ, మీరు రాసింది చదివాను. మా అబ్బాయి విషయం చెప్పకపోతే ఇది చదివేవాళ్లు భయపడి ఏదీ చేయించరేమోనని రాస్తున్నాను. మా వాడు డిగ్రీ చదువుతూ హాస్టల్లో ఉండేవాడు. నీళ్ల వల్ల కామెర్లు వచ్చాయి, హెపటైటిస్ ఎ అన్నారు. తాగుడు లేదు, ముందు ఏ జబ్బూ లేదు. వారంలోనే పిచ్చిపిచ్చిగా మాట్లాడడం మొదలుపెట్టాడు, సెలైన్ గొట్టం పీకేశాడు. అనంతపురంలో డాక్టర్ చేయి పట్టి చూసి "ఇక్కడ ఒక్క గంట కూడా ఆగవద్దు" అని అంబులెన్స్ ఎక్కించారు. బెంగళూరులో రక్తంలోని ప్లాస్మా తీసేసి కొత్తది ఎక్కించే చికిత్స మూడు రోజులు వరుసగా చేశారు. మార్పిడి కావాలేమోనని మా ఆయన రక్తం గ్రూపు కూడా చూశారు. అవసరం రాలేదు. పిల్లవాడు సొంత కాలేయంతోనే బయటపడ్డాడు, ఇప్పుడు చదువు పూర్తిచేస్తున్నాడు. ఆ ప్లాస్మా సంచుల కోసం మా ఆయన, నా తమ్ముడు రక్తనిధుల చుట్టూ తిరిగిన తిరుగుడు నేను మరచిపోలేను. కానీ చేయించినందుకే నా బిడ్డ ఉన్నాడని నమ్ముతున్నాను.

కర్నూలు సిస్టర్

అమ్మా, మీ బాబు కోలుకున్నందుకు చాలా సంతోషం. మీరు రాయడం మంచిదైంది, ఎందుకంటే ఇక్కడ రెండు వేర్వేరు జబ్బులు ఉన్నాయి. మీ బాబుది ఆరోగ్యంగా ఉన్న కాలేయం ఒక్కసారిగా పడిపోవడం. ఆ జబ్బులో కాలేయానికి మళ్లీ పెరిగే శక్తి మిగిలి ఉంటుంది, కొన్ని రోజులు మనిషిని దాటిస్తే చాలు. జమ్మలమడుగు తమ్ముడి అన్నది ఏళ్ల తరబడి మచ్చలు కట్టిన కాలేయం. ఒకరికి పనిచేసిందని ఇంకొకరికీ అంతే పనిచేస్తుందనుకోకూడదు.

చికిత్స కూడా వేరు. మీ బాబుకు చేసింది ప్లాస్మా మార్పిడి. రక్తంలోని పచ్చటి నీటి భాగాన్ని విషాలతో సహా తీసి పారేసి, దాతలు ఇచ్చిన తాజా ప్లాస్మా ఎక్కిస్తారు. మార్స్ ఇవ్వలేని గడ్డకట్టించే పదార్థాలు ఇందులో కొంతకాలానికి దొరుకుతాయి. ఉన్నట్టుండి కాలేయం పడిపోయిన 182 మంది మీద కోపెన్‌హాగన్, లండన్, హెల్సింకీ ఆసుపత్రులలో దీన్ని పరీక్షించి 2016లో ప్రకటించారు. రోజుకు 8 నుంచి 12 లీటర్ల చొప్పున మూడు రోజులు మార్చారు. ఆసుపత్రి నుంచి ప్రాణాలతో బయటపడినవారు ఆ గుంపులో 58.7 శాతం, మామూలు వైద్యం గుంపులో 47.8 శాతం. కాలేయాన్ని ఆదుకునే పద్ధతుల్లో ప్రాణం నిలబెట్టినట్టు ఇంత గట్టిగా చూపించిన పరీక్ష ఇదే. మార్పిడి దొరకనివాళ్లకే దీనివల్ల ఎక్కువ మేలు జరిగింది. మన దగ్గర అంత ప్లాస్మా దొరకదు కాబట్టి చాలాచోట్ల తక్కువ పరిమాణంలో చేస్తారు. ఒంట్లో ప్లాస్మా కిలోకు సుమారు 40 మిల్లీలీటర్లు ఉంటుంది. అరవై కిలోల మనిషికి రెండున్నర లీటర్లు అనుకోండి. ఒక సంచిలో దాదాపు 200 మిల్లీలీటర్లు ఉంటాయి కాబట్టి ఒక్క విడతకు డజను సంచులు కావాలి. మీ ఆయన ఎందుకు అంతగా తిరిగారో ఇప్పుడు అందరికీ అర్థమవుతుంది. రక్తదానం చేసేవాళ్లు మన జిల్లాల్లో ఇంకా పెరగాలి.

ఇంకొక పరీక్ష కూడా చెప్పాలి. ఇలా ఉన్నట్టుండి పడిపోయిన కాలేయం మీదే మార్స్‌ను ఫ్రాన్స్‌లో 16 మార్పిడి కేంద్రాల్లో 102 మంది మీద పరిశీలించారు, 2013లో వచ్చింది. ఆరు నెలలకు మార్స్ గుంపులో 84.9 శాతం, మామూలు వైద్యం గుంపులో 75.5 శాతం బతికి ఉన్నారు. మార్స్ గుంపు మెరుగ్గా కనిపిస్తుంది, కానీ గట్టిగా చెప్పడానికి ఆ తేడా సరిపోలేదు. ఎందుకంటే అక్కడ చాలామందికి ఒక్క రోజులోనే మార్పిడి జరిగిపోయింది, యంత్రానికి తన పని చూపించే సమయమే దొరకలేదు. మనకు ఆ వేగం లేదు. కర్నూలు నుంచి హైదరాబాదు 200 కిలోమీటర్ల పైచిలుకు, అనంతపురం నుంచి బెంగళూరు కూడా దాదాపు అంతే. మన ప్రాంతంలో ఎక్కువ మంది ఓడిపోయేది ఆ దారి పట్టడంలో జరిగే ఆలస్యం వల్లనే. కామెర్లు ఉన్న మనిషి తికమకగా మాట్లాడితే, రాత్రి పగలు తారుమారైతే, అది పసరు కోసం ఇంకో ఊరు వెళ్లే సమయం కాదు. అనంతపురంలో మీకు దొరికిన ఆ డాక్టర్‌కు నేను దండం పెడతాను.

కడప ఫిజీషియన్

సిస్టర్ గారు రాసిన దానితో ఏకీభవిస్తున్నాను. ఈ చర్చను తరువాత వెతుక్కుని చదివేవాళ్ల కోసం ఒక్క విషయం కలుపుతాను. మన దగ్గర కాలేయం ఉన్నట్టుండి పడిపోయి వచ్చేవాళ్లలో ఎలుకల మందు పేస్టు మింగినవాళ్లు ఉంటారు. వాటిలో పసుపు భాస్వరం ఉన్న రకానికి విరుగుడు లేదు. మొదటిరోజు వాంతులై, ఆ తరువాత ఒకటి రెండు రోజులు మనిషి బాగున్నట్టే కనిపిస్తాడు. ఇంటివాళ్లు సంతకం పెట్టి తీసుకెళ్తారు. మూడో రోజు నుంచి కాలేయం దెబ్బతినడం బయటపడుతుంది. బాగున్నాడనిపించినా తీసుకెళ్లవద్దు, రోజూ ఐ.ఎన్.ఆర్. చూడనివ్వండి. పెరుగుతుంటే పెద్ద కేంద్రానికి పంపుతాం. వేలూరు సి.ఎం.సి. వైద్యులు ఇలాంటివారికి తక్కువ పరిమాణంలో ప్లాస్మా మార్పిడి చేసి తమ అనుభవాన్ని ప్రచురించారు. కడప వాళ్లకు తిరుపతి మీదుగా వేలూరు అందుబాటులోనే ఉంది. ఇంట్లో ఎవరైనా మనసు కుంగి అలాంటి ఆలోచనలో ఉన్నట్టు అనిపిస్తే టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

జమ్మలమడుగు తమ్ముడు

అక్కా, మీరు చెప్పినట్టే అడిగాను. డాక్టర్ కూర్చోబెట్టి మాట్లాడారు. పొట్టలో నీరు పరీక్షకు పంపారు, అందులో ఇన్ఫెక్షన్ ఉంది, యాంటీబయాటిక్ మొదలుపెట్టారు. పసరు సంగతి చెప్పాం. తిట్టలేదు, రాసుకున్నారు. మార్పిడి ఒక్కటే దారి అని, ఈ ఇన్ఫెక్షన్ అదుపులోకి వచ్చేదాకా నిలబెట్టడానికి యంత్రం అంటున్నామని చెప్పారు. మా పెద్దమామ కొంత డబ్బు సర్దాడు, పొలం జోలికి పోకుండా ఒక్క విడత చేయించాం. ఈరోజు బిలిరుబిన్ 24 నుంచి 15కి వచ్చింది. నన్ను పేరు పెట్టి పిలిచాడు. నాన్న ఊరంతా ఫోన్లు చేసి తగ్గిపోయిందని చెబుతున్నారు. మిగతా రెండు విడతలు కూడా వెంటనే చేయించేద్దాం, పొలం సంగతి తరువాత అంటున్నారు. ఆయనకు ఏమని చెప్పాలి? ఇంకో విషయం, నా లివర్ ఇస్తే సరిపోతుందా? నాదీ అన్నదీ ఒకటే గ్రూపు, బి పాజిటివ్.

కర్నూలు సిస్టర్

తమ్ముడూ, పేరు పెట్టి పిలిచాడని చదివి నాకూ ప్రాణం లేచి వచ్చింది. మీ నాన్నగారి సంతోషాన్ని తుంచేయకండి. కానీ ఈ మాట చెప్పండి: ఊరికి ట్యాంకరు వచ్చి తొట్టి నిండినంత మాత్రాన బోరులో నీరు ఊరినట్టు కాదు. ఆ 15 యంత్రం తెచ్చిన అంకె. కాలేయం తెచ్చిన అంకె ఏదో తెలియాలంటే యంత్రం ఆపిన తరువాత ఒకటి రెండు రోజులు చూడాలి. మళ్లీ 20 దాటి పోతే కాలేయం ఇంకా పని అందుకోలేదని అర్థం. ప్లాస్మా ఎక్కించినప్పుడు ఐ.ఎన్.ఆర్. తగ్గడం కూడా ఇలాంటిదే, అది దాతల ప్లాస్మా చేసిన మేలు. నేను డ్యూటీలో ఉన్నప్పుడు చూసుకునేవి వేరే ఉండేవి. మూత్రం గంటకు ఎంత వస్తోంది, బీపీ మందు లేకుండా నిలుస్తోందా, లాక్టేట్ (ఒంటికి ఆక్సిజన్ సరిగా అందనప్పుడు రక్తంలో పెరిగే ఆమ్లం) దిగుతోందా, పిలిస్తే పలకడం మరుసటి రోజు కూడా నిలబడిందా. మీరూ అవే అడగండి.

రెండు, మూడు విడతలు ముందే కట్టేయాల్సిన పని లేదు. ఒక్కో విడతకు ముందు ఆగి, రోగిని చూసి, అవసరమా కాదా అని నిర్ణయించమని డాక్టర్‌ను అడగవచ్చు. యంత్రానికి తన నష్టాలూ ఉన్నాయి. ప్లేట్‌లెట్లు తగ్గుతాయి, గొట్టం వేసిన చోట రక్తం కారవచ్చు, ఇన్ఫెక్షన్ రావచ్చు, బీపీ పడిపోవచ్చు. మీ అన్నకు ఇప్పటికే ఇన్ఫెక్షన్ ఉంది కాబట్టి ఆ గొట్టం ఎన్ని రోజులు ఉంచుతారో కూడా అడగండి. ఈ వారంలో మీ అన్న ప్రాణం ఎక్కువగా ఆధారపడేది ఆ యాంటీబయాటిక్ మీద. పొట్టలో నీటిని సుమారు 48 గంటల తరువాత మళ్లీ తీసి, కణాలు తగ్గాయా లేదా చూస్తారు. ఆ రిపోర్టు బిలిరుబిన్ కంటే ముఖ్యం.

మీ కాలేయం సంగతి. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం అన్నదమ్ములు దగ్గరి బంధువులే, మీరు ఇవ్వవచ్చు. గ్రూపు కలవడం మొదటి మెట్టు మాత్రమే. మీకు స్కానింగ్ చేసి కాలేయంలో కొవ్వు ఎంత ఉందో, మీకు మిగిలే భాగం మీకు సరిపోతుందో, రక్తనాళాలు ఎలా ఉన్నాయో చూస్తారు. పెద్దవాళ్లకు సాధారణంగా కుడి వైపు భాగం తీసుకుంటారు. మిగిలినది కొన్ని నెలల్లో పెరుగుతుంది. అయినా అది పెద్ద ఆపరేషన్, చాలా అరుదుగానైనా దాత ప్రాణానికీ ముప్పు ఉంటుంది. మీకు పెళ్లయి ఉంటే మీ భార్యతో కూర్చుని మాట్లాడకుండా ఒప్పుకోకండి. మీకూ తాగే అలవాటు ఉంటే దాచకుండా చెప్పండి. మీ అన్న తాగుడు మానడం గురించి మార్పిడి బృందం గట్టిగా ప్రశ్నలు వేస్తుంది, మానసిక వైద్యుడితో మాట్లాడిస్తుంది. కొన్ని కేంద్రాలు ఆరు నెలలు మానితేనే చేస్తామంటాయి, కొన్ని కుటుంబం తోడ్పాటు చూసి ముందే ఒప్పుకుంటాయి. మీ ఆసుపత్రి నియమం ఏమిటో ఈరోజే కనుక్కోండి, అక్కడ ఒప్పుకోకపోతే ఇంకో కేంద్రానికి కాగితాలు పంపే సమయం ఉండాలి. మరణించినవారి అవయవాల కోసం జీవన్‌దాన్ అనే ప్రభుత్వ అవయవదాన పథకంలో పేరు నమోదు చేయించవచ్చు. ఆ నమోదు ఆసుపత్రి ద్వారానే జరుగుతుంది.

డబ్బు విషయానికి వస్తే, తాకట్టు పెట్టాల్సి వస్తే ఆ డబ్బు మార్పిడికి ఉంచండి. నా మనసులో మాట ఇదే. ఆపరేషన్ తరువాత జీవితాంతం మందులు కొనాలి, వాటికీ కావాలి. అంచనా ఖర్చును ఆసుపత్రి ముద్రతో రాయించుకుని, మీ ఎమ్మెల్యే కార్యాలయం ద్వారా ముఖ్యమంత్రి సహాయ నిధికి దరఖాస్తు పెట్టండి. డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవలో ఏది వస్తుందో నంద్యాల అన్న చెప్పినట్టు ఆరోగ్యమిత్రను అడగండి.

రేపు మార్పిడి డాక్టర్‌ను కలవడానికి వెళ్లేటప్పుడు మీ ఇద్దరి ఆధార్ కార్డులు, రేషన్ కార్డు, మీ రక్తం గ్రూపు కాగితం, యంత్రం పెట్టకముందు రిపోర్టులు, కడపలో రెండేళ్ల కిందట తీసిన స్కానింగ్ తీసుకెళ్లండి. వదినమ్మను కూడా ఆ గదిలోకి తీసుకెళ్లి, ఆమె అడగాలనుకున్నవన్నీ ఆమెనే అడగనివ్వండి. పొట్ట నీటి రెండో రిపోర్టు రాగానే ఇక్కడ రాయండి, ఏ వేళైనా చూస్తాను.